కిటికీ లేని గోడలు: సూరత్ ప్రార్థనాలయాల చుట్టూ ఒక పాత చర్చ

1823 చివర్లో సూరత్ పార్సీలు పదహారు రోజుల తేడాతో రెండు ఆతష్ బెహ్రామ్‌లను, అంటే అన్నిటికన్నా పెద్ద స్థాయి అగ్ని ఆలయాలను, ప్రతిష్ఠించుకున్నారు. నవంబరు 19న ప్రతిష్ఠ జరిగిన మోదీ ఆతష్ బెహ్రామ్ షహెన్‌షాహీ శాఖ వారిది. డిసెంబరు 5న ప్రతిష్ఠ జరిగిన వకీల్ ఆతష్ బెహ్రామ్ కద్మీ శాఖ వారిది. ఈ రెండు శాఖలకూ అప్పటికే డెబ్బై ఏళ్లకు పైగా పడేది కాదు. గొడవ పంచాంగం మీద. ఇద్దరి లెక్కకూ నెల రోజుల తేడా. కొత్త సంవత్సరం ఏ రోజున వస్తుందో ఒప్పుకోలేని వాళ్లు ఒక్క విషయంలో మాత్రం ఎదురాడుకోలేదు. అగ్ని ఉండే గదిలోకి ఎండ రాకూడదు, కాబట్టి ఆ గదికి బయటి వైపు కిటికీ పెట్టకూడదు.

ఎందుకు అని అడిగితే నలుగురు నాలుగు జవాబులు చెబుతారు. పూజారి శుచి అంటాడు. మేస్త్రీ గోడ బలం అంటాడు. చరిత్రకారుడు దోపిడీల కాలం గుర్తుచేస్తాడు. ఎదురింటాయన మాత్రం గొంతు తగ్గించి, లోపల ఏదో దాస్తున్నారంటాడు. పార్సీ గుళ్ల గురించే కాదు, చీకటి గర్భాలయాల గురించీ, ఇల్లో గుడో తెలియని జైన దేరాసర్ల గురించీ, ఈ మధ్య పుట్టుకొచ్చిన ఏసీ ప్రార్థనా హాళ్ల గురించీ ఇవే జవాబులు తిరుగుతున్నాయి. నాలుగింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. ఏ జవాబు ఏ భవనానికి చెల్లుతుందో ఎవరూ చూడకపోవడం వల్లే చర్చ ముడిపడింది.

దేవుడి గది, జనం గది

ముడి విప్పాలంటే ముందు రెండు రకాల కట్టడాలను వేరు చేయాలి. ఒకటి దేవుడో అగ్నో విగ్రహమో నివసించే గది. అక్కడికి జనం వస్తారు, చూస్తారు, వెళతారు. రెండోది జనం కూర్చునే గది. అక్కడ చదువుతారు, వింటారు, పాడతారు. మొదటి దాంట్లో చీకటి పుట్టుకతో వచ్చింది. రెండో దాంట్లో కిటికీలు తగ్గడం చాలావరకు కరెంటు వచ్చాక మొదలైన సంగతి. ఈ రెంటినీ ఒకే కుప్పలో పోసి ఒకే కారణం వెతికితే దొరకదు.

ఇంకో సంగతి. కిటికీ చేసే పనులు మూడు: గాలి, వెలుతురు, చూపు. మూడూ కలిసి రావాలని లేదు. మెదక్ చర్చినే తీసుకోండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ కట్టడంలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చూపించే రంగుటద్దాల కిటికీలున్నాయి. వెలుతురు ధారాళంగా వస్తుంది. కానీ వాటిలోంచి బయటి చెట్టు కనబడదు, లోపలి మనిషి బయటికి కనబడడు. చాలా గుళ్ల జాలీ రాతి కిటికీ గాలిని పూర్తిగా, వెలుతురును సగం రానిచ్చి చూపును ఆపేస్తుంది. అందువల్ల కిటికీలు ఎన్ని అని లెక్కపెట్టడం కన్నా, ఈ మూడింటిలో దేన్ని ఆపాలనుకున్నారు అని అడిగితే దారి దొరుకుతుంది.

తాపీ ఒడ్డున అగ్ని

పార్సీ అగ్ని ఆలయాన్ని తెలుగు పాఠకుడు బయటి నుంచి చూసే ఉంటాడు. సికింద్రాబాద్‌లో 1847 నాటిది ఉంది, హైదరాబాద్ తిలక్ రోడ్డులో 1904 నాటిది ఉంది. గేటు దాకానే. లోపలికి వెళ్లే హక్కు పార్సీలకే. ఈ నిషేధం వల్ల లోపలి సంగతి తెలుసుకోవడానికి పార్సీ పండితులు రాసిన పుస్తకాలే ఆధారం. వాటిలో జీవన్‌జీ జంషెడ్‌జీ మోదీ 1922లో ప్రచురించిన పార్సీ ఆచారాల గ్రంథం ముఖ్యమైనది. బయటివాడి సాక్ష్యం ఒకటుంది, అదీ సూరత్‌దే. 1758 నుంచి 1761 దాకా ఇక్కడ ఉండి పూజారి దస్తూర్ దారాబ్ దగ్గర పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తా నేర్చుకున్న ఫ్రెంచి యువకుడు ఆంకెతిల్ దుపెరోన్, పార్సీ వేషం వేసుకుని ఒక అగ్ని ఆలయంలోకి వెళ్లానని తానే రాసుకున్నాడు. గురువు ఎంత ఇష్టంగా తీసుకెళ్లాడన్నది వేరే కథ.

లోపలి ఏర్పాటు ఇలా ఉంటుంది. గర్భగది ఆలయపు బయటి గోడలకు తగలకుండా విడిగా నిలబడుతుంది, చుట్టూ నడిచే దారి. మధ్యలో రాతి పీఠం, దాని మీద పెద్ద లోహపు పాత్ర, పాత్ర నిండా బూడిద, బూడిద మీద నిప్పు. దానికి నెత్తిన వేలాడే లోహపు పళ్లెం. ఆ గదిలో అగ్ని వెలుగు తప్ప వేరే దీపం పెట్టరు. రోజులోని ఐదు జాములు మారినప్పుడల్లా పూజారి నోటికి తెల్లటి గుడ్డ కట్టుకుని లోపలికి వెళతాడు, చందనపు చెక్కలు పేరుస్తాడు, గంట కొడతాడు. భక్తులు బయటి హాల్లో నిలబడి, ఊచలున్న కిటికీలోంచో తలుపులోంచో చూస్తారు. గడప దాటేది పూజారి ఒక్కడే. కొందరు చిటికెడు బూడిద తీసుకుని నుదుట పెట్టుకుంటారు.

ఇక్కడ గమనించాల్సింది, ఆ గదికి కిటికీలు లేకపోలేదు. ఉన్నాయి. అవి లోపలి హాల్లోకి తెరుచుకుంటాయి, వీధిలోకి కాదు. చూపు కావాలి, ఎండ వద్దు. పొగ సంగతి మేస్త్రీలు మరింత తెలివిగా తేల్చారు. గదికి రెండు పొరల గుమ్మటం వేస్తారు. లోపలి గుమ్మటంలో కన్నాలు, బయటి గుమ్మటంలోనూ కన్నాలు, కానీ ఒకదాని ఎదురుగా ఒకటి ఉండవు. పొగ వంకరదారిలో బయటికి పోతుంది. వాన, ఎండ, ఎగిరొచ్చే ఆకులు లోపలికి రావు. గాలి ఆడాలి, చూపు ఆనాలి, ఎండ మాత్రం ఆగాలి. మూడు పనులను ఇంత స్పష్టంగా విడగొట్టిన కట్టడం ఈ చర్చలో మరొకటి లేదు.

మరి ఈ నియమం ఎంత పాతది? పండితుల మధ్య తగాదా ఇక్కడే. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో హెరోడోటస్ పారశీకులకు గుళ్లు లేవనీ, కొండల మీద ఆరుబయట బలులిస్తారనీ రాశాడు. ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన ససానియన్ల కాలం నాటి చహార్ తాక్ కట్టడాలు, ఇరాన్‌లోని నియాసర్ దగ్గర ఉన్నది వంటివి, నాలుగు వైపులా నాలుగు తోరణాలతో బార్లా తెరిచి ఉంటాయి. అవి అలాగే ఒంటరిగా ఉండేవా, లేక చుట్టూ గోడలుండి కాలక్రమంలో కూలిపోయాయా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అగ్నిని చీకటి గదిలో భద్రపరిచి, జనం చూడటానికి తోరణం కిందికి తెచ్చేవారన్న ఊహా ఉంది. ఇస్లాం వచ్చిన తర్వాత ఇరాన్ జరతుష్ట్రులు, అంటే పార్సీల మతాన్నే పాటించేవాళ్లు, అగ్నిని ఇళ్లలాగే కనబడే మట్టికట్టడాల్లో, లోలోపలి చిన్న గదుల్లో దాచుకున్నారు. 1963-64లో యజ్ద్ దగ్గరి షరీఫాబాద్‌లో గడిపిన పరిశోధకురాలు మేరీ బోయ్స్ ఆ ఆచారాన్ని వివరంగా నమోదు చేసింది. దాంతో ఒక వర్గం, చీకటి గది అణచివేత నేర్పిన అలవాటేననీ, ఎండ నియమం తర్వాత చెప్పుకున్న సమర్థన అనీ వాదిస్తుంది.

గుజరాత్ వైపు చరిత్ర ఈ వాదానికి సగమే సాయపడుతుంది. 1600 ప్రాంతంలో నవ్‌సారీ పూజారి ఒకరు పద్యంలో రాసిన కిస్సా-ఎ-సంజాన్ ప్రకారం, పార్సీలు ఇండియాలో మొదట స్థిరపడ్డ సంజాన్ పతనమయ్యాక అక్కడి అగ్నిని 12 ఏళ్లు బహ్రోత్ గుహల్లో, తర్వాత 14 ఏళ్లు వాంస్‌దాలో దాచి ఆ పిమ్మట నవ్‌సారీ చేర్చారు. అదే అగ్నిని 1733లో దోపిడీ ముఠాల భయంతో సూరత్ కోటకు తెచ్చి మూడేళ్లు ఉంచారు. చివరికి అది 1742లో ఉద్వాడా చేరింది. అంటే భయం నిజం, పారిపోవడం నిజం. కానీ 1823 నాటికి సూరత్ ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉంది. అగ్నిని ఎత్తుకుపోయే ముఠాలు లేవు. పార్సీ ధనవంతులు ఊళ్లో పెద్దమనుషులు. అయినా గది మూతపడే ఉంది.

ఇరాన్‌లో జరిగింది దీనికి తలకిందులు. సూరత్ దగ్గరి మోరా సుమాలీ గ్రామంలో 1813లో పుట్టిన మానెక్‌జీ లిమ్‌జీ హతారియా ఇరాన్ వెళ్లి ఏళ్ల తరబడి పోరాడి, 1882లో జరతుష్ట్రుల మీద జిజియా పన్ను రద్దు చేయించాడు. ఆ తర్వాతి కాలంలో, 1934లో, బొంబాయి పార్సీల డబ్బు సాయంతో యజ్ద్‌లో కట్టిన ఆలయంలో అగ్ని పెద్ద అద్దం వెనక ఉంటుంది, ఏ మతం వాడైనా, టికెట్ కొన్న పర్యాటకుడైనా చూడొచ్చు. భయం పోయిన చోట ఇరాన్ వాళ్లు చూపుకు దారి తెరిచారు. భయం పెద్దగా లేని చోట సూరత్ వాళ్లు చూపును తమ వాళ్లకే పరిమితం చేశారు. భయం ఒక్కటే కారణమైతే ఇలా జరగదు. భయం కట్టించిన గోడ నిలబడిపోయాక దానికి వేరే అర్థం తగులుకుంటుంది, ఆ అర్థం భయం కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది అన్నదే ఈ జంట ఉదాహరణ చెప్పేది.

గర్భాలయం ముందు మేస్త్రీ, తాత్వికుడు

హిందూ గర్భాలయం గురించి రెండు పెద్ద వాదాలున్నాయి. స్టెల్లా క్రామ్రిష్ 1946లో వెలువరించిన తన ఆలయ గ్రంథంలో గర్భగుడిని కొండ లోపలి గుహగా చదివింది. పైన శిఖరం కొండ, లోపల చీకటి సృష్టికి ముందున్న స్థితి. ఈ చదువు చాలామందికి నచ్చింది, ఇప్పటికీ కళాచరిత్ర పాఠాల్లో మొదట వినబడేది ఇదే. రెండోది కట్టుబడి వాదం. దూలం, స్తంభం పద్ధతిలో రాళ్లు పేర్చి పైన బరువైన విమానం ఎత్తాలంటే కింద గోడలు మందంగా, కన్నాల్లేకుండా ఉండాలి. సాంచిలో ఐదో శతాబ్దపు 17వ నంబరు గుడి చూడండి: నాలుగు గోడల గది, ఒక్క తలుపు, ముందు నాలుగు స్తంభాల వసారా, అంతే.

కట్టుబడి వాదాన్ని పరీక్షించడానికి మన ఊళ్లే చాలు. 1213లో పూర్తయిన రామప్ప గుడి మహామండపం మూడు వైపులా తెరిచే ఉంది. వాలు పలకల అరుగుల మీద కూర్చుంటే చెరువు గాలి నేరుగా తగులుతుంది. అదే రాయి, అదే శిల్పులు, అదే ఏడాదులు. గర్భాలయం మాత్రం మూసి ఉంది. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడిలోనూ అంతే. తెరవడం చేతకాక మూసింది కాదు, మూయాలనే మూశారు. బరువు ఒక కారణం అయివుండొచ్చు గానీ చివరి మాట దానిది కాదు.

గుహ వాదానికి బలం గుంటుపల్లిలో కనబడుతుంది. కామవరపుకోట దగ్గర కొండలో తొలిచిన బౌద్ధ చైత్యం గుండ్రని గది. కప్పు లోపలి వైపు చెక్క గుడిసె వాసాల్లాంటి గీతలు రాతిలో చెక్కారు. కొండలో చెక్కిన గదికి కిటికీ ఎటు పెడతారు? ముఖం వైపే పెట్టాలి. అందుకే కార్లే, అజంతా చైత్యాల్లో తలుపు పైన గుర్రపు నాడా ఆకారంలో పెద్ద గవాక్షం ఉంటుంది, లోపలి స్తూపానికి వెలుగంతా దాన్నుంచే. ఆ తర్వాత జరిగింది చిత్రం. రాతి గుడులు నేల మీద లేచాక గవాక్షం కిటికీగా పని మానేసి అలంకారంగా మిగిలింది. శిఖరాల మీద, గోడల మీద వందల కొద్దీ చిన్న చిన్న గవాక్షాలు చెక్కారు, చాలావాటిలోంచి దేవతల ముఖాలు తొంగిచూస్తాయి. ఒక్కటీ తెరుచుకోదు. బయట కిటికీలతో నిండిన గుడికి లోపల కిటికీ లేదు. ఈ వైరుధ్యాన్ని క్రామ్రిష్ వాదం వివరించినంత బాగా కట్టుబడి వాదం వివరించలేదు. దేవుడు బయటికి చూస్తాడు, మనం లోపలికి చూడటానికి ద్వారం ఒక్కటే.

మధ్యేమార్గం అలంపురంలో ఉంది. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి నవబ్రహ్మ ఆలయాల్లో గర్భాలయం చుట్టూ ప్రదక్షిణ దారి, దాని బయటి గోడకు రాతి జాలీలు. వెలుతురు దారి దాకా వచ్చి ఆగిపోతుంది, దేవుడి గదిలోకి వెళ్లదు. పార్సీ గర్భగది చుట్టూ నడకదారితో పోల్చితే రెండు సంప్రదాయాలూ విడివిడిగా ఒకే పరిష్కారం దగ్గరికి చేరాయనిపిస్తుంది. దీన్ని బట్టి ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారనడానికి ఆధారం లేదు. అవసరం ఒకటైతే నకలు చాలాసార్లు అక్కర్లేదు.

మూసిన గదిలో వెలుతురు ఒక సంఘటన అవుతుంది. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాలు సూర్యకిరణం గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా మూలవిరాట్టు పాదాలను తాకడం చూడటానికి జనం తెల్లవారుజామునే బారులు తీరతారు. గదికి పది కిటికీలుంటే ఆ కిరణాన్ని ఎవరు పట్టించుకుంటారు? నల్లగొండ దగ్గర పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక రోజంతా కదలకుండా నిలిచే నీడ కూడా, వెలుతురు వచ్చే దారులను లెక్కకట్టి కుదించడం వల్లే సాధ్యమైంది. తిరుమల గర్భాలయంలో నేటికీ నేతి దీపాల వెలుగే. హారతి పళ్లెం పైకి లేచినప్పుడు దేవుడి ముఖం ఒక్క క్షణం పూర్తిగా కనబడి మళ్లీ మసకబారుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే క్యూలో గంటలు నిలబడతారు. ట్యూబులైటు కింద ఆ అనుభవం ఉండదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కిటికీలు లేకపోవడం వల్ల గర్భగుడిలో మంత్రధ్వని శక్తి తరంగాలుగా నిలిచిపోతుందని ఫోన్లలో తిరిగే సందేశాలు ఈ చర్చలో లెక్కకు రావు. మూసిన రాతి గదిలో శబ్దం మార్మోగుతుంది, నిజమే. అది బావిలోనూ మార్మోగుతుంది.

దోపిడీల ఊరు

సూరత్‌కు భయం కొత్త కాదు. 1664 జనవరిలో ఒకసారి, 1670 అక్టోబరులో మరోసారి శివాజీ సేనలు ఊరిని కొల్లగొట్టాయి. వర్తకుల ఇళ్లు ఖాళీ అయ్యాయి. అలాంటి ఊళ్లో గోడలు మందంగా, కిందిభాగంలో కన్నాలు లేకుండా కట్టుకోవడంలో వింత లేదు. పాత సూరత్‌లోని చింతామణి పార్శ్వనాథ దేరాసర్‌ను ఔరంగజేబు కాలం నాటిదని చెబుతారు. వీధిలోంచి చూస్తే మామూలు ఇల్లే. లోపల రంగులద్దిన చెక్కస్తంభాలు, బొమ్మలు, సన్నటి చెక్కడపు పని. గుజరాత్ జైనులకు ఇలా జాగ్రత్తపడే అవసరం ఎందుకొచ్చిందో చెప్పడానికి అహ్మదాబాద్ చాలు. నగరసేఠ్ శాంతిదాస్ ఝవేరీ కట్టించిన చింతామణి ఆలయాన్ని 1645లో, ఔరంగజేబు అక్కడ సుబేదారుగా ఉన్నప్పుడు, మసీదుగా మార్చారు.

అయితే ఇదే కాలంలో ఇదే జైనులు శత్రుంజయ కొండ మీద బాహాటంగా కట్టుకున్నారు. 1618 నాటి చౌముఖ ఆలయం అల్లంత దూరానికి కనబడుతుంది. దానికి తోడు ఇంటి ఆవరణలోనే దేరాసర్ ఉంచుకోవడం వర్తక కుటుంబాల్లో మామూలు పద్ధతి. కాబట్టి వీధి ముఖం సాదాగా ఉండటానికి సగం భయం, సగం ఇంటి ఆచారం. దేని పాలు ఎంతో విడదీయడం కుదరదు.

జైనుల దగ్గరే ఇంకో పరీక్ష దొరుకుతుంది. దేరాసర్‌కు నాలుగడుగుల దూరంలో ఉపాశ్రయం ఉంటుంది, సాధువులు బస చేసి ప్రవచనం చెప్పే చోటు. సాధువులు దీపం వెలిగించుకోరు, పురుగులు చస్తాయని. కాబట్టి పగటి వెలుతురుతోనే చదవాలి. ఉపాశ్రయానికి పెద్ద పెద్ద కిటికీలు. ఒకే మతం, ఒకే వీధి, ఒకే దాత డబ్బు కూడా కావచ్చు. చూసే గది చీకటి, వినే గది వెలుతురు. విగ్రహాలు లేని స్థానకవాసుల స్థానకాలూ ఇలా వెలుతురున్న హాళ్లే.

మసీదులను ఈ చర్చలోకి లాగడం పొరపాటు. ఖిబ్లా వైపు, అంటే మన దేశంలో పడమటి గోడ ఒక్కటే మూసి ఉంటుంది, నమాజు చేసేవాడి ముందు ఏమీ కదలకుండా. తూర్పున ప్రాంగణం ఆకాశానికి తెరిచే ఉంటుంది.

వేడిని ఆపడానికే గోడలు మూశారనే ఎండ వాదానిదీ పొట్టి కథే. సూరత్ ఎండకు మందపాటి గోడలు మంచివే గానీ ఇది సముద్రం దగ్గరి చెమట ఊరు. ఇక్కడ మనిషికి చల్లదనం ఇచ్చేది గోడ మందం కన్నా గాలి ఆడటం. పాత సూరత్ ఇళ్లన్నీ మధ్యలో చౌక్ పెట్టుకుని, పై అంతస్తుల్లో కిటికీలు బారులుగా తెరుచుకున్నాయి. అదే ఎండ ఇంటికి కిటికీలు పెట్టించి గుడికి మూయించిందంటే నమ్మశక్యం కాదు.

వినే గదులు ఎప్పుడు మూతపడ్డాయి

జనం కూర్చునే గదికి కిటికీ ఉండాలన్నది చాలా చోట్ల కోరికే, కొన్ని చోట్ల ఆజ్ఞ. కిటికీలు లేని ఇంట్లో ప్రార్థించరాదని యూదుల తల్మూద్‌లో ఒక రబ్బీ మాట ఉంది. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ప్రార్థించిన దానియేలు దానికి ఆధారం. పద్దెనిమిదో శతాబ్దంలో బాగ్దాదీ యూదులు ఇండియాలో మొదట స్థిరపడ్డ ఊళ్లలో సూరత్ ఒకటి. ప్రొటెస్టెంట్లకు బైబిలు చదవాలి, పాటల పుస్తకం చూడాలి. మిషనరీలు కట్టిన పల్లెటూరి చర్చిల గోడలకు సగం కిటికీలే. మధ్యయుగపు యూరప్‌లో మందపాటి రాతి గోడల చర్చిలు చీకటిగా ఉండేవి. 1144లో సెయింట్ డెనిస్ మఠం తూర్పు భాగాన్ని మఠాధిపతి సుజే వెలుతురుతో నింపాక అక్కడి రుచే మారిపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో కథ అడ్డం తిరిగింది. మూడు కారణాలు దాదాపు ఒకేసారి కలిశాయి: విద్యుద్దీపం, ఎయిర్ కండిషనర్, మైకు. కిటికీ చేసే మూడు పనుల్లో రెంటిని యంత్రాలు తీసుకున్నాయి. మూడోది, బయటికి చూపు, ప్రసంగానికి అడ్డమని తేల్చారు. యెహోవాసాక్షుల రాజ్యమందిరాలు దీనికి పేరుబడ్డ ఉదాహరణ. 1970ల నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు వందల మంది చేరి కొద్ది రోజుల్లోనే హాలు లేపే పద్ధతి అమెరికాలో మొదలైంది. కిటికీ తగ్గితే పని తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, రాళ్లు రువ్వేవాడికి అద్దం దొరకదు. లోపల దాచేది ఏమీ లేదు, కూటాలకు ఎవరైనా వెళ్లొచ్చు. అయినా ఊళ్లో అనుమానం మాత్రం ఆ మూసిన గోడ మీదే పుడుతుంది. హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో 1872 నుంచి నడుస్తున్న ఫ్రీమేసన్ల లాడ్జి వంటివాటి చుట్టూ పుట్టే కథలూ ఈ జాతివే.

వాస్తుశిల్పులు మూసిన గోడను మరో కారణంతో ఇష్టపడ్డారు. 1955లో ఈరో సారినెన్ అమెరికాలోని ఎంఐటీకి కట్టిన చాపెల్ మామూలు కిటికీలు లేని ఇటుక గుండ్రం. వెలుగు పైనున్న రంధ్రంలోంచి, గోడ అడుగున నీళ్ల మీద పడి తళుక్కుమనే కాంతిలోంచి వస్తుంది. ఇది దేవుడి గది చీకటిని జనం గదిలోకి తెచ్చిన పని. సూరత్ వీధుల్లో జరుగుతున్నది మాత్రం ఇంత కళాత్మకం కాదు.

పవర్‌లూమ్ మగ్గాల ఊరు సూరత్. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్ లాంటి పేటల్లో వేల సంఖ్యలో ఉన్నాయి. నగరపాలిక సంస్థ వాళ్ల పిల్లలకు తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి కార్మికుల పేటల్లో ప్లాట్లు సన్నగా, లోతుగా ఉంటాయి. రెండు పక్కల గోడలూ పొరుగువాడితో ఉమ్మడి. గుడైనా, భజన మందిరమైనా, ప్రార్థనా గృహమైనా కిటికీ పెట్టాలంటే ముందు వైపు ఒకటి, వెనక ఒకటి. పక్కన మగ్గాల చప్పుడు రోజంతా. తెరిస్తే ప్రసంగం వినబడదు. ఇక్కడ కిటికీలు ఎందుకు తక్కువ అని వేదాంతంలో వెతకడం అనవసరం. స్థలం కొలతలు చూస్తే చాలు.

దీనికి చట్టం కూడా ఒక చెయ్యి వేసింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లను నిషేధిస్తూ, మూసిన ఆవరణలో, లోపలి వాళ్లకే వినబడేలా వాడుకునే ఆడిటోరియాలు, కమ్యూనిటీ హాళ్ల వంటివాటికి మినహాయింపు ఇచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 30న సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక చర్చి కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చింది. ఈ రెంటి ఫలితం ఊహించగలిగిందే. రాత్రి జాగరణ, భజన, ఉపవాస ప్రార్థన సాగాలంటే హాలు మూసుకోవాలి. కిటికీ మూయమని ఏ నిబంధనా చెప్పలేదు. మూసిన హాలుకు మాత్రం వెసులుబాటు ఇచ్చింది. ఈ కోణాన్ని మతవాస్తు మీద రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోకపోవడం ఆశ్చర్యమే.

పక్కపక్కన పెట్టి చూస్తే

శుచి, నిగూఢత అనే వాదం దేవుడి గదికి గట్టిగా సరిపోతుంది, జనం గదికి పనికిరాదు. కట్టుబడి వాదం తొలి రాతి గుళ్లకు కొంతవరకు నిలబడుతుంది, రామప్ప ముందు తలవంచుతుంది. భయం వాదం చాలా గోడలు ఎలా మొదలయ్యాయో చెబుతుంది, అవి ఎందుకు మిగిలాయో చెప్పలేదు. ఎండ వాదం సూరత్‌లో బలహీనం. ఏకాగ్రత, ఖర్చు, స్థలం, శబ్దం అనే నాలుగూ కలిసి గత యాభై ఏళ్ల హాళ్లను వివరిస్తాయి, అంతకు ముందువాటిని కాదు. ఇక ఏదో దాస్తున్నారన్న వాదం అన్నిట్లోకీ బలహీనమైనది. ఎందుకంటే పార్సీలు, జైనులు, హిందువులు లోపల ఏం చేస్తారో పుస్తకాలే రాసి పెట్టుకున్నారు. గోడ ఆపేది సమాచారాన్ని కాదు.

తేలనివి

ఎండ పడకూడదన్న పార్సీ నియమం ముందా, చీకటి గది ముందా అన్నది ఇరాన్‌లో కొత్త తవ్వకాలు జరిగితే తప్ప తేలదు. గుజరాత్ పూజారులు 1478 నుంచి 1773 దాకా ఇరాన్ పెద్దలకు ఆచారాల మీద ప్రశ్నలు పంపి జవాబులు తెప్పించుకున్నారు. ఆ ఉత్తరాలను కట్టడాల కోణం నుంచి మరోసారి చదవాల్సి ఉంది. పార్సీయేతర వాస్తుశిల్పులు లోపలికి వెళ్లి కొలతలు తీసుకోలేరు కాబట్టి, ఆ పని సముదాయంలోని వాళ్లే చేయాలి. జనాభా తగ్గిపోతున్న సముదాయంలో దానికి ఎక్కువ గడువు లేదు.

గాలి ప్రశ్న 2020లో కొత్తగా మొదలైంది. ఆ ఏడాది మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక చర్చి హాల్లో 61 మంది రెండున్నర గంటలు పాటల సాధన చేస్తే 50 మందికి పైగా కోవిడ్ సోకింది, ఇద్దరు చనిపోయారు. కలిసి పాడే చోట గాలి ఎంతసేపటికి మారాలి అన్నది అప్పటిదాకా మన దగ్గర ఎవరూ అడగని ప్రశ్న. ఏసీ పెట్టి కిటికీ మూసిన హాళ్లలో చాలావాటికి బయటి గాలి తెచ్చే ఏర్పాటు ఉండదు, ఉన్న గాలినే చల్లబరుస్తుంది. మహమ్మారి తగ్గాక ఆ ప్రశ్నను మళ్లీ పక్కన పెట్టేశాం.

అగ్ని ప్రమాదం సూరత్‌కు మరింత దగ్గరి విషయం. 1837 ఏప్రిల్‌లో ఒక ఇంట్లో అంటుకున్న నిప్పు వేల ఇళ్లను బూడిద చేసింది. 2019 మే 24న సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్‌లో కోచింగ్ సెంటర్ అంటుకుని 22 మంది చనిపోయారు. పిల్లలు పై అంతస్తు నుంచి దూకడం దేశమంతా టీవీల్లో చూసింది. ఆ తర్వాత నగరంలో జనం గుమిగూడే భవనాల మీద తనిఖీలు పెరిగాయి. ఒకే మెట్లదారి, రెండు పక్కలా ఉమ్మడి గోడ, ఏసీ కోసం బిగించిన అద్దాలున్న ప్రార్థనా హాలుకు రెండో దారి ఎటు తీయాలి? కోచింగ్ సెంటర్‌కు తాళం వేసినంత తేలిగ్గా గుడికీ చర్చికీ తాళం వేయడానికి ఏ అధికారీ ముందుకు రాడు. దేవుడి గదికీ జనం గదికీ వేర్వేరు నిబంధనలు రాస్తే సగం చిక్కు పోతుంది. గర్భాలయంలో ఒకేసారి ఉండేది ఒకరిద్దరు పూజారులు, హాల్లో ఉండేది మూడొందల మంది. ఏళ్ల తరబడి ఆరని అగ్ని ఉండే గదిలోకి తనిఖీ అధికారి పార్సీ కాకపోతే ఎలా వెళ్తాడన్న ప్రశ్న మాత్రం అప్పుడూ మిగిలే ఉంటుంది.